టన్నుకు ఎన్ని గ్రాములుంటే బంగారు గని?

బంగారు ఖనిజం నాణ్యతను టన్ను రాయికి ఎన్ని గ్రాముల బంగారం అనే లెక్కలో చెబుతారు. గనుల భాషలో దీన్ని గ్రేడు అంటారు. టన్నుకు ఒక గ్రాము అంటే పది లక్షల పాళ్ళ రాయిలో ఒక పాలు బంగారం. టన్ను రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళలో కలిపి, వడగట్టి తీస్తే చివరికి చేతికొచ్చేది ఒక ముక్కుపుడకకు సరిపోతుంది. అయినా ఆ ఒక్క గ్రాము మీద నడిచే పెద్ద గనులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. టన్నుకు పది గ్రాములు కనబడి కూడా గని కాలేకపోయిన చోట్లూ ఉన్నాయి. కొత్త చోట తీసిన నమూనాల్లో బంగారం పడిందన్న వార్త వచ్చినప్పుడు ఈ రెండో సంగతి ఎవరికీ గుర్తుండదు.

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లా విషయంలో జరిగింది అదే. అక్కడ మూడు వేల టన్నులకు పైగా బంగారం బయటపడిందనీ, అది రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిల్వలకు అయిదింతలనీ దేశమంతటా పత్రికల్లో, టీవీల్లో మోగిపోయింది. కోలార్ గనులు 120 ఏళ్ళలో ఇచ్చిన మొత్తం 800 టన్నుల చిల్లర అని ఆ రోజు ఎవరైనా పోల్చి చూసుకుని ఉంటే వెంటనే అనుమానం వచ్చేది. ఫిబ్రవరి 22న భారత భూగర్భ సర్వే సంస్థ వివరణ ఇచ్చింది: అక్కడ అంచనా కట్టిన ఖనిజం సుమారు 52,806 టన్నులు, సగటు గ్రేడు టన్నుకు 3.03 గ్రాములు, కాబట్టి మొత్తం బంగారం దాదాపు 160 కిలోలు. టన్నుకు మూడు గ్రాములంటే తీసిపారేయదగిన గ్రేడు కాదు. చాలనిది ఖనిజం రాశి. రోజుకు వెయ్యి టన్నులు ఆడించే మిల్లుకు అది రెండు నెలల మేత కూడా కాదు. ఆ రెండు నెలల కోసం కొండలో దారులు, కరెంటు, మిల్లు, వ్యర్థాల చెరువు ఎవరు కడతారు?

గ్రేడు ఒక్కటే చూస్తే ఏమీ తేలదనడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ లేదు. అయితే చిక్కు రాశితోనే ఆగదు. ఆ గ్రేడు అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

అన్వేషణ మొదట్లో భూగర్భ శాస్త్రవేత్త నేల మీద తేలిన రాళ్ళను సుత్తితో కొట్టి ముక్కలు ఏరుకుంటాడు. మెరిసే తెల్లరాతి పట్టీ, తుప్పు రంగు మచ్చలు ఉన్న ముక్క మీదికే చెయ్యి పోవడం సహజం. కాబట్టి ఇలా ఏరిన రాళ్ళు ఆ చోట బంగారం ఉందని మాత్రమే చెబుతాయి, ఎంత ఉందో చెప్పవు. వాటిలో టన్నుకు 50 గ్రాములు వచ్చినా దాన్ని సగటుగా తీసుకోవడానికి వీల్లేదు. తర్వాతి మెట్టు కందకాలు తవ్వి, రాతి పట్టీకి అడ్డంగా ఒకే లోతున, ఒకే వెడల్పున గాడి చెక్కుతూ ముక్కలు సేకరించడం. ఇందులో ఎంపికకు చోటు తగ్గుతుంది. ఆ పైన డ్రిల్లింగ్. వజ్రపు ముక్కలు పొదిగిన బోలు బిట్టుతో తొలిస్తే రాయి కడ్డీలా పైకి వస్తుంది. దీన్ని కోర్ అంటారు. కోర్‌ను నిలువునా రెండుగా కోసి ఒక సగాన్ని ప్రయోగశాలకు పంపుతారు, రెండో సగాన్ని పెట్టెల్లో దాచిపెడతారు. ఆ దాచిన సగం ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇనుము, సున్నపురాయి లాంటి వాటి విషయంలో ఈ పద్ధతి పెద్దగా మోసం చెయ్యదు. చేతికొచ్చిన ముక్క ఎలాంటిదో పక్కదీ సుమారుగా అలాంటిదే. బంగారం అలా కాదు. అది రాతిలో ఉప్పు కరిగినట్టు సమంగా కలిసి ఉండదు, విడివిడి రేణువులుగా ఉంటుంది. ఒక చిన్న లెక్క వేస్తే ఈ తంటా అర్థమవుతుంది. అర మిల్లీమీటరు భుజం ఉన్న బంగారు రేణువు, అంటే ఆవగింజ కంటే చిన్నది, సుమారు 2.4 మిల్లీగ్రాములు తూగుతుంది. ఒక రాతిలో సగటున టన్నుకు ఒక గ్రాము బంగారం ఉండి, అదంతా ఇలాంటి రేణువులుగానే ఉందనుకుందాం. అప్పుడు 2.4 కిలోల రాయికి ఒక్క రేణువు వస్తుంది. ప్రయోగశాలలో పరీక్షకు తీసుకునే పొడి సాధారణంగా 30 గ్రాములో 50 గ్రాములో. 30 గ్రాముల పొట్లాలు 80 చేస్తే వాటిలో 79 పొట్లాల్లో సున్నా, ఒక్కదాంట్లో టన్నుకు 80 గ్రాములు! అసలు రాతి గ్రేడైన ఒక గ్రాము ఏ పొట్లంలోనూ కనబడదు. నిజానికి రాతిలో సన్న రేణువులూ ఉంటాయి, నమూనాను పిండి చేసేటప్పుడు పెద్దవి కొంత చితుకుతాయి కూడా, కాబట్టి ఫలితాలు ఇంత విపరీతంగా ఉండవు. కానీ బంగారం మెత్తని లోహం. రాయి పిండి అవుతుంటే అది పొడి కాకుండా రేకులా సాగుతుంది, రోలుకు అంటుకుని తర్వాతి నమూనాలోకి దొర్లుతుంది. ముతక బంగారం ఉన్న నిక్షేపాల్లో ఒక గొప్ప ఫలితమూ నమ్మదగింది కాదు, ఒక సున్నా కూడా నమ్మదగింది కాదు.

నమూనా ఎంత పెద్దదిగా ఉండాలో తేల్చే సిద్ధాంతాన్ని ఫ్రాన్సుకు చెందిన పియర్ గీ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రూపొందించాడు. దాని సారం ఇది: ముక్కల పరిమాణం రెట్టింపైతే, అదే నమ్మకం నిలవడానికి కావలసిన నమూనా బరువు సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే ముతక బంగారం అనుమానం ఉన్నచోట కిలో పొడిని జల్లించి, జల్లెడ మీద మిగిలిన రేకులను మొత్తంగా, కిందికి దిగిన సన్న పొడిని విడిగా పరీక్షిస్తారు.

పరీక్ష పద్ధతి మాత్రం మన కంసాలులకు కొత్త కాదు. రాతి పొడిని సీసపు ఆక్సైడు, సోడా, వెలిగారం కలిపి మూసలో కరిగిస్తే సీసం బంగారాన్ని తనలోకి లాక్కుని అడుగున ముద్దగా దిగుతుంది. ఆ ముద్దను పుటం పెడితే సీసం పోయి చిన్న పూస మిగులుతుంది. పూసలో వెండిని ఆమ్లంతో తీసేసి మిగిలిన బంగారాన్ని తూస్తారు, లేదా పూసను మొత్తంగా కరిగించి యంత్రంతో కొలుస్తారు. కొన్ని వందల ఏళ్ళుగా ఇదే ప్రామాణికం. ప్రయోగశాలను నమ్మాలంటే మరో కట్టుబాటు ఉంది. నమూనాల వరుసలో బంగారం లేని రాయి కొన్ని, గ్రేడు ముందే తెలిసిన పొడి కొన్ని, ఒకే నమూనా రెండు భాగాలు కొన్ని గుట్టుగా చొప్పిస్తారు. ఖాళీ రాయిలో బంగారం కనబడితే రోలు శుభ్రంగా లేదనో, ఎక్కడో చెయ్యి పడిందనో అర్థం.

చెయ్యి పడడం అనేది ఊహ కాదు. కెనడాలోని కాల్గరీ నగరానికి చెందిన బ్రీ-ఎక్స్ అనే చిన్న కంపెనీ 1993లో ఇండోనేషియాలోని తూర్పు కాలిమంటన్ అడవుల్లో బుసాంగ్ అనే చోటు కొన్నది. డ్రిల్లింగ్ ఫలితాలు ఏడాదికేడాది పెరుగుతూ పోయాయి. 1997 మొదటికి 7.1 కోట్ల ఔన్సులు, అంటే 2,200 టన్నుల బంగారం ఉన్నట్టు అంచనా ప్రకటించారు. పైసల స్థాయిలో మొదలైన షేరు విలువ పెరిగి పెరిగి కంపెనీ మొత్తం విలువ 600 కోట్ల కెనడా డాలర్లు దాటింది. ఆ ఏడాది మార్చిలో భాగస్వామిగా రాబోతున్న ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్ కంపెనీ పాత బోర్లకు కొద్ది మీటర్ల దూరంలో సొంతంగా బోర్లు వేసింది. బంగారం జాడ కూడా సరిగా లేదు. కంపెనీ భూగర్భ శాస్త్రవేత్త మైకేల్ డి గుజ్మాన్ మార్చి 19న హెలికాప్టర్ నుంచి పడి చనిపోయాడు. మే నెలలో స్వతంత్ర సంస్థ స్ట్రాత్‌కోనా తన నివేదికలో తేల్చింది: నమూనాల పొడిలో బయటి బంగారం కలిపారు, గనుల చరిత్రలో ఇంత పెద్ద ఎత్తున ఇలాంటిది జరగలేదు.

ముందే పట్టించగల ఆనవాళ్ళు అక్కడ ఉన్నాయి. బ్రీ-ఎక్స్ కోర్‌లో సగం దాచకుండా దాదాపు మొత్తం నలగ్గొట్టించేది. బంగారం ముతకది కాబట్టి నమూనా పెద్దదిగా ఉండాలని దానికి కారణం చెప్పింది. శాస్త్రంలో నిజంగా ఉన్న కారణమే అది, అందుకే చాలామంది నమ్మారు. కానీ దాచిన సగం లేకపోతే ఎవరూ తిరిగి పరీక్షించి చూడలేరు. సూక్ష్మదర్శినిలో ఆ రేణువులు ఏటి ఇసుకలో దొర్లి అరిగిన బంగారంలా గుండ్రంగా ఉన్నాయి. రాతి నుంచి అప్పుడే విడివడిన బంగారం అలా ఉండదు. ఈ మోసానికి ఎవరికీ జైలుశిక్ష పడలేదు. ప్రధాన భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఫెల్డర్‌హాఫ్ కూడా 2007లో కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు.

మోసం అరుదు. నిజమైన ఫలితాలనే అందంగా చూపడం రోజూ జరిగే పని. ఒక కంపెనీ '40 మీటర్ల మేర టన్నుకు 3 గ్రాములు' అని ప్రకటించిందనుకుందాం. ఆ 40 మీటర్లలో ఒక్క మీటరులో 100 గ్రాములు, మిగతా 39 మీటర్లలో అర గ్రాము చొప్పున ఉన్నా సగటు మూడే వస్తుంది. అంటే అక్కడున్నది ఒక మీటరు మందం పట్టీ, దాని చుట్టూ పనికిమాలిన రాయి. ఆ ఒక్క ఫలితం కూడా ఒక పెద్ద రేణువు చలవే కావచ్చు కాబట్టి, లెక్క కట్టేవాళ్ళు అలాంటి విపరీతపు విలువలను ఒక హద్దు దగ్గర కోసేస్తారు. హద్దు 30 గ్రాముల దగ్గర పెడితే అదే బోరు సగటు 1.24కు పడిపోతుంది. ఇంకొకటి, బోరు పట్టీని ఏ కోణంలో దాటిందన్నది. పట్టీతో 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా పోయిన బోరులో మందం అసలుకు రెట్టింపు కనబడుతుంది. పది బోర్లు వేసి రెండింటి ఫలితాలే పత్రికలకిచ్చే కంపెనీల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

బోర్లన్నీ నిజాయితీగా వేసి, నిజాయితీగా చెప్పినా బోరుకూ బోరుకూ మధ్య ఏముందో ఎవరూ చూడలేదు. 50 మీటర్లకొక బోరు వేస్తే తెలిసింది చేతి మందం కడ్డీలు, మిగతాదంతా ఊహ. ఈ ఊహకు గణితం అందించినవాడు దక్షిణాఫ్రికా ఇంజనీరు డానీ క్రీగ్. విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో అతను ఒక విచిత్రం గమనించాడు: నమూనాల్లో గొప్పగా కనబడ్డ గడులు తవ్వాక అంచనా కంటే తక్కువిస్తున్నాయి, పేలవంగా కనబడ్డవి ఎక్కువిస్తున్నాయి. ఒక గడి విలువను దాని నమూనాలతోనే కట్టకుండా చుట్టుపక్కల వాటిని కూడా దూరాన్ని బట్టి తూకం వేసి కలపాలని 1951లో చూపించాడు. ఫ్రెంచి గణితవేత్త జార్జ్ మాథెరాన్ దాన్ని శాస్త్రంగా మలిచి, క్రీగ్ పేరు మీదే క్రిగింగ్ అన్నాడు.

ఎంత దగ్గరగా బోర్లు వేశారన్న దాన్ని బట్టి అంచనాలకు మెట్లు ఉన్నాయి. భారతదేశంలో సర్వేలను జీ-4 నుంచి జీ-1 దాకా నాలుగు దశలుగా విడదీస్తారు. జీ-4 కేవలం జాడ పట్టడం, జీ-1 వివరమైన అన్వేషణ. ఆస్ట్రేలియా జోర్క్ నియమావళి 1989 నుంచీ, బ్రీ-ఎక్స్ దెబ్బ తర్వాత కెనడా నియమాలు 2001 నుంచీ మరో గీత స్పష్టంగా గీశాయి. రాతిలో ఉందని అంచనా వేసింది వనరు. తవ్వి, శుద్ధి చేసి, అమ్మి, ఖర్చులు పోను మిగులుతుందని అధ్యయనంతో తేలిన భాగమే నిల్వ. మన వార్తల్లో ఈ రెండు మాటలూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. నమూనా ఫలితాలు ఎంత గొప్పవైనా అవి వనరు దాకానే తీసుకుపోగలవు. నిల్వ అనిపించుకోవడానికి కావలసిన సమాచారం చాలావరకు ప్రయోగశాలలో దొరకదు.

అందులో మొదటిది బంగారం రాతిని వదులుతుందా అన్నది. ప్రయోగశాల మూసలో రాయి మొత్తం కరుగుతుంది కాబట్టి ఉన్న బంగారమంతా లెక్కకు వస్తుంది. మిల్లులో సైనైడ్ ద్రావణం తాకగలిగిందే వస్తుంది. కొన్ని రాళ్ళలో బంగారం కాకి బంగారమని పిలిచే పైరైటులోనో, ఆర్సెనిక్ ఉన్న గంధక ఖనిజంలోనో కంటికి కనబడనంత సన్నగా చిక్కుకుని ఉంటుంది. దాన్ని కాల్చాలి, లేదా ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్‌తో ఉడికించాలి, లేదా బ్యాక్టీరియాకు మేపాలి. సులువైన ఖనిజం 90 శాతానికి పైగా బంగారాన్ని వదిలితే మొండి ఖనిజం నేరుగా సైనైడ్‌కు సగం కూడా వదలదు. నాలుగు గ్రాముల మొండి రాయి కంటే రెండు గ్రాముల సులువైన రాయి మేలు కావచ్చన్నమాట.

రెండోది తవ్వే తీరు. పట్టీ మందం ఒక మీటరే అయినా మనిషీ యంత్రమూ పట్టడానికి మీటరున్నర తవ్వాల్సి వస్తే, తొమ్మిది గ్రాముల ఖనిజం మిల్లు చేరేసరికి ఆరు గ్రాములవుతుంది. పై నుంచి గుంట తవ్వే గనిలో టన్ను ఖనిజానికి ఎన్ని టన్నుల వట్టి రాయి ఎత్తిపోయాలన్నది లాభనష్టాలను నిర్ణయిస్తుంది. నీళ్ళు, కరెంటు, దారి, భూసేకరణ, అటవీ అనుమతి, రాయల్టీ, వ్యర్థాల చెరువు, చివర్లో గుంట పూడ్చే ఖర్చు ఈ లెక్కలోకే వస్తాయి.

ఈ మెట్లు దాటకుండా పరిగెత్తితే ఏమవుతుందో కెనడాలోని ఒంటారియోలో రూబికాన్ మినరల్స్ చూసింది. రెడ్ లేక్ ప్రాంతంలోని తన ఫీనిక్స్ నిక్షేపంలో 33 లక్షల ఔన్సుల వనరు ఉందని 2013లో అంచనా కట్టింది. ప్రాథమిక అధ్యయనం మీదే ఆధారపడి గనీ మిల్లూ కట్టేసింది. 2015లో బంగారం పోసింది, అదే ఏడాది నవంబరులో ఆపేసింది. 2016 జనవరిలో కొత్త అంచనా వచ్చింది: సుమారు 4 లక్షల ఔన్సులు. అక్కడ నమూనాల్లో ఎవరూ ఏమీ కలపలేదు. బోర్ల మధ్య ఊహించుకున్న కొనసాగింపు రాతిలో లేదు, అంతే.

దీనికి ఎదురు ఉదాహరణ బ్రిటిష్ కొలంబియాలోని బ్రూస్‌జాక్. ముతక బంగారానికి పేరుపడ్డ నిక్షేపం కాబట్టి బోర్లతో తృప్తిపడక 2013లో సుమారు పది వేల టన్నుల రాయి తవ్వి పరీక్షించారు. ఆ పరీక్షను చూడడానికి వచ్చినది బ్రీ-ఎక్స్ గుట్టు విప్పిన స్ట్రాత్‌కోనాయే. రాశిలోంచి తీసిన చిన్న నమూనాలు చూసి, వనరు అంచనా నిలబడదని ఆ సంస్థ మధ్యలోనే తప్పుకుంది, షేరు కుప్పకూలింది. మొత్తం రాయిని మిల్లులో ఆడించాక మాత్రం ఆశించిన 4,000 ఔన్సులకు బదులు 5,800 పైచిలుకు వచ్చాయి. గని 2017లో మొదలైంది. అయితే తవ్వుతున్న కొద్దీ గ్రేడు ముందు చెప్పినంత రాక, ఎక్కువ రాయి ఆడించి సర్దుకోవలసి వచ్చింది. ఒక రకంగా అంచనా కట్టిన కంపెనీ, తప్పుకున్న స్ట్రాత్‌కోనా ఇద్దరూ కొంత నిజమే చెప్పారు.

తెలుగు నేలలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడాలంటే కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి ఉంది. తొలకరి వానలకు వజ్రాలు వెతికేవాళ్ళతో వార్తల్లోకెక్కే ఊరు ఇదే. పూర్వకాలపు బంగారు తవ్వకాల గుంటలు అక్కడ ఉన్నాయి, దగ్గర్లోని ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉంది. ఇక్కడి ఖనిజం టన్నుకు రెండు గ్రాముల లోపే, సోన్‌భద్ర కంటే పలచన. కానీ పై నుంచి గుంటగా తవ్వుకోవచ్చు, రాశి కూడా కొన్నేళ్ళు నడిపే పాటిది. అయినా 2013లో లీజు వచ్చాక గని నిలదొక్కుకునే దశకు రావడానికి పదేళ్ళకు పైనే పట్టింది.

కోలార్ కథ దీనికి తలకిందులు. 1880లలో జాన్ టేలర్ కంపెనీ చేతిలో మొదలైన రోజుల్లో అక్కడి రాతిలో టన్నుకు 40 గ్రాములకు పైగా ఉండేది. తవ్వకం మూడు కిలోమీటర్ల లోతు దాటింది, అడుగున రాతి వేడి 60 డిగ్రీలు మించింది, రాళ్ళు పేలిపడే ప్రమాదం నిత్యం వెంటాడింది, గ్రేడు మూడు గ్రాముల చుట్టూ దిగింది. ఔన్సు బంగారం 300 డాలర్ల లోపు పలుకుతున్న కాలంలో, 2001 ఫిబ్రవరి 28న గనిని మూసేశారు. దాంతో పాటే నడిచిన కుప్పం పక్క చిగరుగుంట గనీ మూతపడింది. సోన్‌భద్ర నమూనాల్లో ఉన్నదీ, కోలార్ చివరి రోజుల్లో ఉన్నదీ ఇంచుమించు ఒకే గ్రేడు. ఒకచోట రాశి లేక గని పుట్టలేదు, మరోచోట లోతు ఖర్చు భరించలేక గని పోయింది.

ఇప్పుడు కోలార్‌లో మళ్ళీ పని మొదలుపెట్టాలన్న ప్రతిపాదనలు పాతాళంలో మిగిలిన మూడు గ్రాముల రాతి గురించి కాదు. ఊరి చుట్టూ పేరుకున్న సైనైడ్ దిబ్బల గురించి. మూడు కోట్ల టన్నులకు పైగా ఉన్న ఆ పొడిని ఎప్పుడో తవ్వి, ఎత్తి, మెత్తగా నూరి పెట్టేశారు. అందులో ఉన్నది టన్నుకు గ్రాము లోపే.